ఎలుకల బోను, మా అత్తయ్య, అడూర్ గోపాలకృష్ణన్

మా ఇంట్లో ఎలుకల బోనుకి ఎర పెట్టడం అత్తయ్య పని. ఎండుకొబ్బరి ముక్కని నిప్పుల మీద కాస్త కాల్చి, కమ్మటి వాసన రాగానే కొక్కేనికి గుచ్చి, బోను తలుపు పైకెత్తి తీగ తగిలించేది. రాత్రి ఎప్పుడో టప్పున చప్పుడయ్యేది. ఎవరం లేచేవాళ్ళం కాదు. తెల్లారాక అత్తయ్యే ఆ బోనుని ఒంటికి దూరంగా పట్టుకుని కాలవగట్టుకి వెళ్ళి, నీళ్ళలో ముంచి, కాసేపు అలాగే నిలబడి, ఖాళీ బోనుతో తిరిగొచ్చేది. దాన్ని ఎండలో బోర్లించి, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, పెదనాన్నకి కాఫీ పెట్టేది.

కేరళలో అడూర్ గోపాలకృష్ణన్ అనే ఒక పెద్దమనిషి సరిగ్గా ఇదే పనిని సినిమాగా తీశాడనీ, దానికి లండన్‌లో బహుమతి ఇచ్చారనీ ఆ రోజుల్లో ఎవరైనా చెబితే మా ఊళ్ళో నవ్వేవాళ్ళు.

మాది తెనాలి పక్క పల్లె. 1987లో ఊరంతటికీ మూడో నాలుగో టీవీలుండేవి, అందులో మాదొకటి. చెక్కపెట్టెకి జరుపుకునే తలుపులున్న నలుపు తెలుపు టీవీ. ఆదివారం పొద్దున రామాయణం వచ్చే వేళకి మా వసారా, గది, కిటికీ చువ్వల మధ్య సందులతో సహా నిండిపోయేవి. సీరియల్ అయ్యాక అందరూ వెళ్ళిపోతే చెప్పుల దుమ్ము, అక్కడక్కడా హారతి కర్పూరం మసి మిగిలేవి. మధ్యాహ్నం ఢిల్లీ దూరదర్శన్‌లో ప్రాంతీయ భాషా చిత్రం వేసేవాళ్ళు. ఒక వారం బెంగాలీ, ఒక వారం అస్సామీ, ఒక వారం మలయాళం. మన వంతు ఎప్పుడొస్తుందా అని నెలల తరబడి చూసేవాళ్ళం. వచ్చినా అందులో రామారావో నాగేశ్వర్రావో ఉండేవాళ్ళు కాదు కాబట్టి తెలుగైనా మా వాళ్ళు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. నాకు మాత్రం తెర మీద ఏది కదిలినా చాలు.

ఆ ఆదివారం మలయాళ సినిమా అన్నారు. పేరు ‘ఎలిప్పత్తాయం’. నేను ఎనిమిదో తరగతి. టైటిల్స్‌లో శారద పేరు చూసి, "అత్తయ్యా, శారద ఉందే!" అని కేకేశాను. శారద అంటే మాకు సినిమా తార కన్నా ముందు తెనాలి ఆడపడుచు. అసలు పేరు సరస్వతీదేవి అనీ, ‘కన్యాశుల్కం’ సినిమాలో చిన్నపిల్లగా కనిపించిందనీ మా వాళ్ళు బంధువుల ముచ్చట్లు చెప్పుకున్నట్టు చెప్పుకునేవాళ్ళు. మలయాళం వాళ్ళు నెత్తిన పెట్టుకుంటే గానీ మనవాళ్ళకి ఆవిడ విలువ తెలియలేదని పెదనాన్న అనేవాడు. ఆ మాట మాత్రం నిజమే. మొదటి ఊర్వశి అవార్డు, అంటే జాతీయ ఉత్తమ నటి బహుమతి, 1968లో ‘తులాభారం’కి, రెండోది 1972లో ‘స్వయంవరం’కి. రెండూ మలయాళమే. తెలుగు సినిమాకి ఆ బహుమతి రావడానికి ‘నిమజ్జనం’ దాకా ఆగాల్సి వచ్చింది.

అత్తయ్య చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర కూర్చుంది. కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతుంటే చదివి తెలుగులో చెప్పడం నా డ్యూటీ. నేను సగం చదివేసరికి అక్షరాలు మారిపోయేవి. "ఏమంటోందిరా?" అంటే నోటికొచ్చింది చెప్పేవాణ్ణి. అయితే ఆ సినిమాలో మాటలు తక్కువ. కాసేపటికి ఆవిడ అడగడం మానేసింది. నాకంటే ముందే ఆవిడకి అర్థమవుతోందని నాకు తోచింది.

కథ చెప్పమంటే నాలుగు ముక్కలే. పాతకాలపు నాయర్ల ఇల్లు. అందులో ఉణ్ణి అనే నడివయసు మనిషి, అతని ఇద్దరు చెల్లెళ్ళు. పెద్దక్క జానమ్మ పెళ్ళై వేరే ఊళ్ళో ఉంటుంది, కోతల వేళకి తన వాటా కోసం వస్తుంది. పెద్ద చెల్లెలు రాజమ్మ, మన శారద, ఇంటి చాకిరీ అంతా చేస్తుంది. ఆమెకి సంబంధాలొస్తే ఉణ్ణికి ఏదీ నచ్చదు. చిన్నది శ్రీదేవి, జలజ వేసింది, ఎలుక పడినప్పుడల్లా బోనుని చెరువుకి మోసుకెళ్ళి ముంచుతుంది. కరమన జనార్దనన్ నాయర్ వేసిన ఆ ఉణ్ణి పేపరు చదువుతాడు, ఒంటికి నూనె రాసుకుంటాడు, మీసంలో తెల్లవెంట్రుకలు కత్తిరించుకుంటాడు. దొడ్లోకి ఆవు వస్తే లేచి తోలడు, "రాజమ్మా" అని పిలుస్తాడు. ఒకసారి శుభ్రంగా తయారై పెళ్ళికి బయల్దేరి, దారిలో నీటిగుంట కనబడితే బట్టలు పాడవుతాయని ఇంటికి తిరిగొచ్చేస్తాడు.

మీసం కత్తిరించుకునే చోట అత్తయ్య ఫక్కున నవ్వింది. "అచ్చం మన..." అని ఆగి, పక్కగది వైపు చూసింది. పక్కగదిలో పడక్కుర్చీలో పెదనాన్న పేపరు మొహం మీద వేసుకుని నిద్రపోతున్నాడు.

మా అత్తయ్యకి పదిహేడేళ్ళకి పెళ్ళయింది, ఇరవై రెండేళ్ళకి మావయ్య పోయాడు. పుట్టింటికి వచ్చి వంటింట్లో చేరింది. అప్పట్నించీ తెల్లచీరే. ఆవిడని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, చెయ్యొద్దనీ అనలేదు. కాఫీ కావాలంటే ఆవిడ, గేదె ఈనితే ఆవిడ, చుట్టాలొస్తే పరుపులు దించేది ఆవిడ. ఆ ముందు సంవత్సరమే రామారావు గారి ప్రభుత్వం ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా అని చట్టం తెచ్చింది. పెదనాన్న ఆ వార్త రెండుసార్లు చదివాడట. చట్టం వచ్చేనాటికే పెళ్ళయిపోయినవాళ్ళకి అది వర్తించదని ప్లీడరు గారి నోట విన్నాక ఆ పూట కడుపునిండా తిన్నాడని మా అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది.

కేరళలో కథ వేరు, ఇంకా విచిత్రం. మరుమక్కత్తాయం అని అక్కడ నాయర్లలో ఆస్తి ఆడవాళ్ళ వైపు నుంచి నడిచేది. ఇల్లు అమ్మది, ఆమె తర్వాత కూతుళ్ళది. అజమాయిషీ మాత్రం మేనమామది, అన్నదమ్ములది. అంటే ఉణ్ణి కూర్చున్న ఆ కుర్చీ కింద నేల కూడా హక్కుగా చూస్తే రాజమ్మ పక్కదే. అయినా బోను బోనే. 1975లో చట్టం చేసి ఆ ఉమ్మడి కుటుంబ పద్ధతిని రద్దు చేశారు. ఈ సినిమా 1981లో తీశారు. ఈ సంగతులు నాకు పన్నెండేళ్ళ తర్వాత గానీ తెలియలేదు. పేరులో ఉన్న తమాషా కూడా అప్పుడే తెలిసింది. ‘ఎలి’ అంటే ఎలుక, ‘పత్తాయం’ అంటే ధాన్యం పోసుకునే చెక్క గాదె. రెండూ కలిపితే ఎలుకల బోను. కడుపు నింపే గాదె పేరే బోనుకీ పెట్టుకున్నారు.

అడూర్ గోపాలకృష్ణన్ అలాంటి ఇంట్లో పుట్టినవాడే. 1941 జులై 3న, ఇప్పటి పత్తనంతిట్ట జిల్లాలో అడూర్ దగ్గర. కథకళిని పోషించిన కుటుంబం. ఎనిమిదేళ్ళకే నాటకంలో వేషం కట్టాడు. దిండుక్కల్ దగ్గర గాంధీగ్రామంలో చదువుకుని, అక్కడే నేషనల్ శాంపిల్ సర్వేలో ప్రభుత్వ ఉద్యోగంలో చేరాడు. ఇల్లిల్లూ తిరిగి ఎవరేం తింటున్నారు, ఎంత సంపాదిస్తున్నారు అని రాసుకునే పని. మా పెదనాన్న లాంటివాళ్ళ దృష్టిలో అలాంటి ఉద్యోగం దొరికాక ఇంక జీవితంలో చేయాల్సింది ఏమీ ఉండదు. ఆయన మాత్రం 1962లో దాన్ని వదిలేసి పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళాడు. సినిమాల్లో ఎవరింట్లో ఏ గిన్నె ఎక్కడుంటుందో ఆయనకి అంత కచ్చితంగా ఎలా తెలుసా అనుకున్నప్పుడల్లా నాకు ఆ సర్వే ఉద్యోగమే గుర్తొస్తుంది. ఇది నా ఊహే అనుకోండి.

చదువయ్యాక మద్రాసుకి వెళ్ళి ఎవరి దగ్గరైనా అసిస్టెంటుగా చేరడం అప్పటి ఆనవాయితీ. మలయాళ సినిమాలు కూడా ఎక్కువగా కోడంబాకం స్టూడియోల్లోనే తయారయ్యేవి. ఈయన తిరువనంతపురం వచ్చి 1965లో స్నేహితులతో కలిసి చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టాడు. కేరళలో మొదటి ఫిల్మ్ సొసైటీ అదే. ముందు చూసేవాళ్ళని తయారు చేసుకుందాం, తర్వాత తీద్దాం అన్నట్టు! దాని వెంటే సినిమాలు తీయడానికి సహకార సంఘం కూడా పెట్టుకున్నారు. మనం పాలకీ, ఎరువులకీ, చేనేతకీ సహకార సంఘాలు పెట్టుకున్నాం గానీ సినిమాకి పెట్టుకోవాలన్న ఆలోచన ఎందుకో రాలేదు.

పుణె నుంచి వచ్చిన ఏడేళ్ళకి గానీ మొదటి సినిమా బయటికి రాలేదు. అదే 1972 ‘స్వయంవరం’. ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ అప్పు ఇచ్చింది, మిగతాది చిత్రలేఖ వాళ్ళు డాక్యుమెంటరీలు తీసి కూడబెట్టుకున్నది. పెద్దల్ని కాదని వచ్చేసిన జంట బస్సులో వెళ్తుండగా మొదలవుతుంది. చాలాసేపు మాటల్లేవు. బస్సు, రోడ్డు, మధు మొహం, శారద మొహం. అంతే. మన సినిమాల్లో అయితే ఆ పాటికి ఒక డ్యూయెట్టు, ఒక కామెడీ బిట్టు అయిపోయేవి. తర్వాత ఊళ్ళో బతకడం మొదలవుతుంది. రాసిన నవల అచ్చు కాదు. ట్యుటోరియల్ కాలేజీ ఉద్యోగం నిలవదు. కోతమిల్లులో గుమాస్తా పని దొరుకుతుంది. అది ఇంకొకడిని తీసేసి ఇచ్చిన పని. ఆ తీసేసినవాడు దారి పక్కన నిలబడి మాట్లాడకుండా చూస్తుంటాడు. ఆ చూపు గోపీ అనే నటుడిది. విడుదలైనప్పుడు సినిమా ఆడలేదు. జాతీయ అవార్డులు నాలుగు వచ్చాయి, ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటి, ఛాయాగ్రహణం. మళ్ళీ విడుదల చేస్తే జనం వచ్చారు, కార్పొరేషన్ అప్పు తీరింది.

ఆ చూపు చూసినవాణ్ణే ఐదేళ్ళ తర్వాత ‘కొడియేట్టం’లో హీరోని చేశాడు. నన్నడిగితే ఆయన సినిమాలన్నిట్లోకీ ఇదే గొప్పది. పండితులు ఎలిప్పత్తాయం అంటారు, అననీండి. శంకరన్‌కుట్టి అని ఒక పెద్ద పిల్లాడు. గుళ్ళో ఉత్సవం ఉందంటే వెళ్ళిపోతాడు, ఏనుగుని నోరు తెరుచుకుని చూస్తాడు, అన్నం పెడితే పెట్టినంతా తింటాడు. చెల్లెలు పట్నంలో ఇళ్ళల్లో పనిచేసి పంపే డబ్బుతో బతుకుతుంటాడు. పెళ్ళి చేస్తే పెళ్ళాం ఉందన్న సంగతి కూడా మర్చిపోతాడు. ఇలాంటివాళ్ళు మా ఊళ్ళో ప్రతి బజారుకీ ఒకడు ఉండేవాడు, కనుమనాడు ఎడ్లపందాల దగ్గరా, తిరనాళ్ళలో ప్రభల వెనకా. శంకరన్‌కుట్టి లారీ మీద పనికి చేరి, మెల్లమెల్లగా, మనకి ఏ క్షణమన్నది తెలియకుండా, మగవాడవుతాడు. సినిమాలో నేపథ్య సంగీతం లేదు. చెండ మేళం, కాకులు, లారీ ఇంజను, మనుషుల గొంతులు, అవే సంగీతం. చివర్లో పెళ్ళానికి ఒక బట్ట తెచ్చి ఇస్తాడు. ఉత్తమ నటుడి జాతీయ అవార్డు గోపీకి వచ్చింది. ఆ తర్వాత జనం అతన్ని కొడియేట్టం గోపీ అనే పిలిచారు.

ఇవన్నీ నేను చూసింది తిరువనంతపురంలో. ఉద్యోగంలో బదిలీ మీద 1999లో అక్కడికి వెళ్ళి రెండేళ్ళున్నాను. మా ఆఫీసులో పక్క సీటాయన సినిమా పిచ్చివాడు. "మీ శారద" అనేవాడు నన్ను ఆటపట్టించడానికి. నేను "మీ శారద" అనేవాణ్ణి. ఎలిప్పత్తాయంకి సంగీతం చేసిన ఎం.బి. శ్రీనివాసన్ పుట్టింది మన చిత్తూరులోనని నాకు చెప్పింది కూడా ఆయనే. నాకు సిగ్గేసింది. మన రాష్ట్రంలో ఊరి కబురు పరాయి రాష్ట్రం వాడు చెప్పాడు.

ఆయనే ఒక సాయంత్రం పూజప్పుర జైలు గోడ పక్కనుంచి స్కూటరు మీద తీసుకెళ్తూ ‘మతిలుకళ్’ కథ చెప్పాడు. వైక్కం మహమ్మద్ బషీర్ రాసిన చిన్న నవల. రాజకీయ ఖైదీగా ఉన్న రచయిత, గోడకి అవతల ఆడవాళ్ళ జైల్లో నారాయణి. ఒకరినొకరు చూసుకోరు. ఆమె వచ్చానని చెప్పడానికి ఎండుపుల్ల ఒకటి పైకి విసురుతుంది. గోడ మీద ఆకాశంలో పుల్ల కనబడితే ఇతని ప్రాణం లేచొస్తుంది. మమ్ముట్టి బషీర్‌గా వేశాడు. నారాయణి సినిమా మొత్తంలో ఎక్కడా కనబడదు, కె.పి.ఎ.సి. లలిత గొంతు ఒక్కటే. మనకి మమ్ముట్టి అంటే ‘స్వాతికిరణం’లో శిష్యుడి మీద కుళ్ళుకునే సంగీత విద్వాంసుడు. దానికి రెండేళ్ళ ముందే గోడతో ప్రేమలో పడ్డ మనిషిగా వేసి జాతీయ అవార్డు తీసుకున్నాడని అప్పుడు తెలిసింది. అడూర్ నటులకి ముందుగా స్క్రిప్టు చేతికివ్వడని అంటారు. తనే చేసి చూపిస్తాడట. మమ్ముట్టికీ అలాగే చూపించి ఉంటాడా అని ఆలోచిస్తే నాకు నవ్వొస్తుంది. ‘విధేయన్’లో మనుషుల్ని కాలితో తన్నే ఆ భాస్కర పట్టేలర్‌ని కూడా ఈ మృదువైన పెద్దాయనే చేసి చూపించాడా?

‘ముఖాముఖం’ గురించి పక్క సీటాయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. పార్టీ కుటుంబం. పదేళ్ళు కనబడకుండాపోయిన కమ్యూనిస్టు నాయకుడు తిరిగొచ్చి, పడుకుని నిద్రపోవడం, తాగడం తప్ప ఏమీ చేయని కథ అది. కేరళలో పెద్ద గొడవే అయింది. ‘అనంతరం’ నాకు ఒకసారి చూస్తే అర్థం కాలేదు, రెండోసారి చూస్తే భయమేసింది. ‘కథాపురుషన్’కి మళ్ళీ ఉత్తమ చిత్రం. 2002లో ‘నిళల్‌కుత్తు’ వచ్చేసరికి నేను తిరిగొచ్చేశాను. తిరువాన్కూరు రాజు కాలం నాటి తలారి కథ, ఇళయరాజా సంగీతం. ఉరితాడు కాల్చిన బూడిద రాస్తే రోగాలు పోతాయని జనం ఆ తలారి గుమ్మం ముందు నిలబడతారు. అంత బరువైన సంగతిని అంత నెమ్మదిగా చెప్పగలిగినవాడు ఆయనే. 2004కి ఫాల్కే అవార్డు ఇచ్చారు. 2016లో వచ్చిన ‘పిన్నెయుం’ మాత్రం నాకు నచ్చలేదు. ఇష్టమైన మనిషి అని అబద్ధం ఆడలేను. అందులో ఇల్లు ఉంది గానీ ఇంటి వాసన లేదు. స్వయంవరం నుంచి అక్కడిదాకా నలభై నాలుగేళ్ళు, పన్నెండు సినిమాలు. మన దగ్గర ఒకే ఏడాది అరడజను తీసినవాళ్ళున్నారు.

అసలు చెప్పాలనుకున్నది ఎలిప్పత్తాయం రెండోసారి చూసిన సంగతి. 2000లో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్ళు చిన్న హాల్లో వేశారు. ప్లాస్టిక్ కుర్చీలు, పైన చప్పుడు చేసే ఫ్యాన్లు. లైట్లు ఆర్పి సినిమా వేయగానే నాకు గుండె ఝల్లుమంది. రంగులు! అది అడూర్ తీసిన మొదటి రంగుల సినిమా అట. మా చెక్కపెట్టె టీవీలో నలుపు తెలుపుల్లో చూసి, ఆ ఇల్లే అంత అనుకున్నాను. పక్క సీటాయన నా చెవిలో గొణిగాడు, ఒక్కో అక్కచెల్లెలికీ ఒక్కో రంగు ఇచ్చాడు చూడు అని. జానమ్మకి పచ్చ. శ్రీదేవికి ఎరుపు. మా శారదకి నీలం. ఆ పాకుడు పట్టిన గోడల మధ్య, పొగచూరిన వంటింట్లో నీలం కదులుతూ ఉంటుంది. శ్రీదేవి ఇల్లు విడిచి వెళ్ళిపోయాక ఆ నీలం ఒక్కటే మిగులుతుంది. తర్వాత రాజమ్మ మంచాన పడుతుంది. ఊరివాళ్ళు వచ్చి మోసుకెళ్తారు. ఇంక ఆమె తెర మీదకి రాదు. ఉణ్ణి తలుపులు బిగించుకుని, కలుగులో ఎలుకలాగా మిగిలిపోతాడు. చివరికి జనం వచ్చి అతన్ని కూడా ఈడ్చుకెళ్ళి చెరువులో ముంచుతారు. తడిసి వణుకుతూ, చేతులు జోడించుకుని పైకొస్తాడు.

చిన్నప్పుడు ఆ మోసుకెళ్ళే చోట అత్తయ్య "ఎక్కడికిరా తీసుకెళ్తున్నారు?" అని అడిగింది. కింద అక్షరాలేమీ పడలేదు. నేను ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి "ఆస్పత్రికి" అన్నాను.

హాల్లోంచి బయటికొచ్చి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కి వెళ్ళాను. అప్పటికి పెదనాన్న పోయి నాలుగేళ్ళు, పల్లెలో ఇల్లు అమ్మేశారు, అత్తయ్య తెనాల్లో మా అమ్మానాన్నల దగ్గర ఉండేది. చెవి కాస్త తగ్గింది. ఎర్ర అంకెలు గిర్రున తిరుగుతుంటే గట్టిగా అరిచి చెప్పాను.

"అత్తయ్యా, ఆ ఎలుకల బోను సినిమా గుర్తుందా? శారదది. ఇవాళ మళ్ళీ చూశాను. రంగుల సినిమా అట! శారద నీలం కట్టుకుంటుంది."

"నీలమా?" అంది. కాసేపు చప్పుడు లేదు. "నేను తెల్లబట్టలే అనుకున్నానురా."

లైను గరగరమంది. కట్టయిపోయిందేమో అనుకున్నాను. మళ్ళీ ఆవిడ గొంతే వినబడింది.

"ఆస్పత్రికి తీసుకెళ్ళారుగా. తగ్గిందటా?"